హెచ్-ఇండెక్స్ 61 ఉన్నవారి ల్యాబా, 23 ఉన్నవారి ల్యాబా? న్యూరోసైంటిస్టుల పేపర్ల జాబితాను ఎలా చదవాలి

మీరు అడిగింది ఇదీ: పీహెచ్‌డీ కోసం ఇద్దరు న్యూరోసైంటిస్టుల ల్యాబ్‌లు చూసుకున్నారు. ఒకరు మనుషుల మెదడు స్కాన్‌లపై పనిచేస్తారు. గూగుల్ స్కాలర్‌లో వారివి 190 పేపర్లు, హెచ్-ఇండెక్స్ 61 (పేపర్ల సంఖ్యనూ, ఇతరులు తమ పేపర్లలో వాటిని ప్రస్తావించిన సైటేషన్లనూ కలిపి తీసే అంకె). ఇంకొకరు ఎలుకల హిప్పోక్యాంపస్‌లో, అంటే జ్ఞాపకాలకు కీలకమైన మెదడు భాగంలో, ఎలక్ట్రోడ్లు పెట్టి రికార్డింగ్ చేస్తారు. వారివి 42 పేపర్లు, హెచ్-ఇండెక్స్ 23. మొదటివారి ప్రభావం మూడింతలనుకోవచ్చా, వారి దగ్గరే చేరాలా అని సందేహం.

ముందు ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడటం మానండి. ఆ తేడాలో ఎక్కువ భాగం వాళ్లు ఎంచుకున్న పని స్వభావం వల్ల వచ్చిందే. అలాగని అంకెలు ఎందుకూ పనికిరావని నేననను. జాబితాలో ఎక్కడ ఆగి చదవాలో అవి చెబుతాయి, ఆ చదవడం మాత్రం తప్పదు. ఎంపిక కమిటీల్లో కూర్చుని సీవీలు చూడటం నా పనిలో భాగమే కాబట్టి, నేను ఒక జాబితాను ఎలా చదువుతానో అలాగే చెబుతాను.

హెచ్-ఇండెక్స్‌ను 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించాడు. లెక్క చాలా తేలిక. ఒకరి పేపర్లన్నిటినీ సైటేషన్ల వరసలో పేర్చండి. ఐదు పేపర్లకు 90, 40, 6, 4, 1 చొప్పున సైటేషన్లుంటే హెచ్ విలువ 4. కనీసం నాలుగేసి సైటేషన్లున్న పేపర్లు నాలుగున్నాయి కాబట్టి. ఇప్పుడు ఆ 90ని 9,000 చేయండి. హెచ్ 4 దగ్గరే ఉంటుంది. రంగాన్నే మలుపు తిప్పిన పేపర్ రాసినా ఈ అంకె కదలదు. పైగా ఇది తగ్గడం అంటూ ఉండదు. మనిషి పరిశోధన మానేసి పదేళ్లయినా పాత పేపర్లకు సైటేషన్లు వస్తూనే ఉంటాయి, హెచ్ నెమ్మదిగా ఎక్కుతూనే ఉంటుంది. 30 ఏళ్లుగా ఉన్నవారిని, 10 ఏళ్ల కింద ల్యాబ్ పెట్టినవారిని దీంతో కొలిస్తే ఫలితం ముందే తెలిసిపోతుంది. ఆ సంగతి హిర్ష్‌కూ తెలుసు. హెచ్‌ను, మొదటి పేపర్ నుంచి గడిచిన ఏళ్లతో భాగించి చూడమని ఆయనే సూచించాడు. ఆ రెండో అంకెను మాత్రం ఎవరూ ప్రొఫైల్లో పెట్టుకోరు.

అంకె ఎక్కడి నుంచి తీశారో కూడా చూసుకోండి. గూగుల్ స్కాలర్ ప్రిప్రింట్లు (జర్నల్‌లో రాకముందే బయటపెట్టిన పేపర్లు), థీసిస్‌లు, పుస్తకాలు, కాన్ఫరెన్స్ పత్రాలు అన్నిటి నుంచీ సైటేషన్లు ఏరుతుంది. స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ ప్రధానంగా తాము ఎంచుకున్న జర్నళ్లకే పరిమితం అవుతాయి కాబట్టి, అదే మనిషికి అక్కడ అంకె తక్కువ కనిపిస్తుంది. ఒకరిది ఇక్కడి నుంచి, ఇంకొకరిది అక్కడి నుంచి తీసి పోల్చకూడదు. స్కాలర్‌లో ఇంకో చిక్కు, అదే పేరున్న వేరేవాళ్ల పేపర్లు వచ్చి చేరడం. న్యూరోసైన్స్ ప్రొఫైల్లో కాంక్రీటు గట్టిదనం మీద పేపర్ కనిపించిందంటే మోసం చేశారనుకోనక్కర్లేదు, చాలాసార్లు అది ఆటోమేటిక్‌గా చేరిందే. కానీ వందల సైటేషన్లున్న అలాంటి పేపర్‌ను ఏళ్ల తరబడి తీసేయకుండా ఉంచుకుంటే, ఆ మొత్తం మీద నాకు నమ్మకం పోతుంది. పేర్ల గందరగోళం ఉన్నప్పుడు వారి ఓర్కిడ్ (ప్రతి పరిశోధకుడికీ విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య) పేజీ, ల్యాబ్ వెబ్‌సైట్‌లోని జాబితా దగ్గర పెట్టుకుని సరిచూసుకోండి.

ఇక అసలు సంగతికి వద్దాం. న్యూరోసైన్స్ అని ఒకే పేరుతో పిలుస్తాం గానీ, లోపల పనుల వేగాలకు పొంతనే ఉండదు. మీ రెండో ల్యాబ్‌లో ఒక పేపర్ ఎలా తయారవుతుందో చూడండి. ఎలుకకు ఒక పని నేర్పడానికే వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. తర్వాత సర్జరీ చేసి ఎలక్ట్రోడ్లు అమర్చాలి. టెట్రోడ్లయితే (నాలుగు సన్నటి తీగలు కలిపిన ఎలక్ట్రోడ్లు) వాటిని రోజూ కొద్దికొద్దిగా కిందికి దించుకుంటూ హిప్పోక్యాంపస్‌లో సరైన పొర దగ్గరికి చేర్చాలి. తీరా రికార్డింగ్ బాగా వస్తోందనుకున్న వారంలోనే ఎలుక తలపై అమర్చింది ఊడిపోవచ్చు. వచ్చిన సిగ్నల్లో ఏ స్పైక్ (న్యూరాన్ పంపే విద్యుత్ సిగ్నల్) ఏ న్యూరాన్‌దో విడదీయడం ఇంకో పెద్ద పని. అన్నీ అయ్యాక మెదడును పలుచటి ముక్కలుగా కోసి, ఎలక్ట్రోడ్ కొన మనం అనుకున్న చోటే ఉందా అని మైక్రోస్కోపులో చూసుకోవాలి. లేకపోతే ఆ ఎలుక డేటాను పక్కన పెట్టాల్సిందే. ఇలాంటి ల్యాబ్‌లో ఒక విద్యార్థికి నాలుగైదేళ్లలో గట్టి పేపర్ ఒకటి వచ్చిందంటే పని బాగా సాగినట్టే. దాని మీద పేర్లు కూడా నాలుగో ఐదో ఉంటాయి.

స్కాన్‌ల వైపు వ్యవహారం వేరు. అల్జీమర్స్ మీద ఏడీఎన్ఐ, హ్యూమన్ కనెక్టోమ్ ప్రాజెక్ట్, యూకే బయోబ్యాంక్ లాంటి చోట్ల ఇతర పరిశోధకులకు అందుబాటులో ఉంచిన డేటా బోలెడుంది. కొత్తగా ఒక్క స్కాన్ కూడా తీయకుండా మంచి ప్రశ్నతో మంచి పేపర్ రాయొచ్చు. ఎనిగ్మా లాంటి కన్సార్షియంలలోనైతే ఎన్నో దేశాల ల్యాబ్‌లు డేటా కలుపుతాయి, ఒక్కో పేపర్ మీద వంద దాటి పేర్లుండటం మామూలే. ఆ పేపర్‌కు వెయ్యి సైటేషన్లు వస్తే, ప్రతి ఒక్కరి ప్రొఫైల్లోనూ పూర్తి వెయ్యీ చేరతాయి. తలా పది అని పంచరు. అలాంటివి ఓ ఇరవై ఉంటే హెచ్ ఎక్కడికి పోతుందో మీరే ఊహించుకోండి.

వీటిని చులకన చేసి మాట్లాడేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను. మెదడులోని తేడాలకూ మనుషుల ప్రవర్తనలోని తేడాలకూ ఉన్న సంబంధాలను నమ్మకంగా పట్టుకోవాలంటే వేల మంది డేటా కావాలని 2022లో నేచర్‌లో వచ్చిన పెద్ద విశ్లేషణ చూపించింది. ఒక్క ల్యాబ్ అంతమందిని స్కాన్ చేయలేదు. కాబట్టి కన్సార్షియం అవసరమే. వందలో ఒక పేరుగా ఉన్న పేపర్‌ను బట్టి ఆ మనిషి ఆలోచన ఎలాంటిదో మనకు తెలియదు, అంతే.

పేపర్ల సంఖ్య ఎంత మోసం చేస్తుందో చెప్పడానికి నాకిష్టమైన ఉదాహరణ 1986 నాటిది. సీ. ఎలిగాన్స్ అనే చిన్న పురుగుకు 302 న్యూరాన్లుంటాయి. వాటి మధ్య కనెక్షన్లన్నిటినీ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చిత్రాల్లోంచి గుర్తించి, జాన్ వైట్, సిడ్నీ బ్రెన్నర్, మరో ఇద్దరు కలిసి ఒకే పేపర్‌గా అచ్చు వేశారు. నిడివి సుమారు 340 పేజీలు. దాని వెనక పదేళ్లకు మించిన పని ఉంది. ఏ న్యూరాన్ దేనికి సిగ్నల్ పంపుతుందో తెలుసుకోవడానికి పురుగు మీద పనిచేసేవాళ్లు ఇప్పటికీ దాన్ని తెరుస్తారు. హెచ్-ఇండెక్స్ లెక్కలో అది ఒకటి. దాన్నే ముక్కలు చేసి పాతిక పేపర్లుగా వేసుంటే పాతిక అయ్యేది. 2024లో పండ్ల ఈగ పూర్తి మెదడు పటం వచ్చినప్పుడు, దాదాపు 1,39,000 న్యూరాన్ల ఆ పని ఒక పేపర్ల గుచ్ఛంగా, పెద్ద కన్సార్షియం పేరుతో వచ్చింది. కాలం మారింది, లెక్కలూ మారాయి.

అందుకే నేను జాబితా తెరవగానే సైటేషన్ల వరసను మార్చి, సంవత్సరాల వరసలో పెట్టుకుంటాను. తర్వాత పేర్లు చూస్తాను. మన రంగంలో మొదటి పేరు సాధారణంగా ప్రయోగం చేసి, రాసిన విద్యార్థిది లేదా పోస్ట్‌డాక్‌ది (పీహెచ్‌డీ అయ్యాక ల్యాబ్‌లో పనిచేసే పరిశోధకులు). చివరి పేరు ల్యాబ్ నడిపేవారిది: ప్రశ్న, డబ్బు, బాధ్యత వాళ్లవి. మధ్యలో ఉన్నవాళ్లు ఒక పరికరం ఇచ్చి ఉండొచ్చు, కోడ్ రాసి ఉండొచ్చు, నెలల తరబడి సర్జరీలూ చేసి ఉండొచ్చు. పేరు స్థానం చూసి అది తెలియదు. ఇప్పుడు చాలా జర్నళ్లు పేపర్ చివర ఎవరు ఏం చేశారో రాయిస్తున్నాయి, క్రెడిట్ అనే పద్ధతిలో 14 పాత్రలుంటాయి. ఆ రెండు లైన్లు ఎవరూ చదవరు గానీ, మీలాంటివాళ్లకు సీవీ కన్నా అవే ఎక్కువ చెబుతాయి. పేర్ల పక్కన చుక్కగుర్తులుంటే కింద చూడండి, ఇద్దరు మొదటి రచయితలు సమానమని ఉంటుంది.

గత ఏడెనిమిదేళ్లలో చివరి పేరుగా ఉన్నవాటిని మాత్రమే పక్కకు తీయండి. 190లో అవి ఎన్ని? నలభై రావచ్చు, పన్నెండే రావచ్చు. 42 పేపర్లవారి దగ్గర అవి పద్దెనిమిది ఉన్నా నేనేమీ ఆశ్చర్యపోను. అసలు పోలిక ఇక్కడ మొదలవుతుంది. ఆ పేపర్ల శీర్షికలు వరసగా చదివితే ఒక ప్రశ్న వెంట నడుస్తున్నారా, లేక ఏ ఏడాది ఏ ఫ్యాషన్ ఉంటే అటు వెళ్తున్నారా అన్నది బయటపడుతుంది. మధ్యలో రెండు మూడేళ్ల ఖాళీ కనిపిస్తే కంగారుపడొద్దు. ల్యాబ్ మారడం, పిల్లలు పుట్టడం, కొత్త టెక్నిక్ నిలదొక్కుకోవడం ఇలా చాలా కారణాలుంటాయి. బయోఆర్కైవ్ అనే ప్రిప్రింట్ల సైట్‌లో వారివి ఉన్నాయేమో చూడండి, జర్నల్‌లో రావడానికి ఏడాది దాటడం మామూలే.

సైటేషన్లు ఎక్కువున్న పేపర్ కనిపించినప్పుడు అది ఏ రకమో చూడాలి. చరిత్రలో అత్యధికంగా సైటేషన్లు వచ్చిన పేపర్ ద్రావణంలో ప్రొటీన్ ఎంతుందో కొలిచే పద్ధతి మీద ఆలివర్ లౌరీ బృందం 1951లో రాసినది, మూడు లక్షలు దాటాయి. మన రంగంలోనూ అంతే. స్కాన్‌లను విశ్లేషించే ఎస్‌పీఎం, ఎఫ్‌ఎస్‌ఎల్, ఫ్రీసర్ఫర్, వీడియోలో జంతువు కదలికలను పట్టుకునే డీప్‌ల్యాబ్‌కట్ లాంటి టూల్ పేపర్లను, వాడిన ప్రతివారూ సైట్ చేస్తారు. రివ్యూ వ్యాసాలదీ అదే కథ. ఒరిజినల్ పేపర్లు పదింటిని వెతికి చదివే బదులు ఒక రివ్యూను సైట్ చేసి ముగించేవాళ్లే ఎక్కువ. టూల్ తయారుచేయడం నా దృష్టిలో గొప్ప పనే. నిజం చెప్పాలంటే, చాలా 'ఆవిష్కరణల' కన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది. కాకపోతే ఆ సైటేషన్లు 'ఈ ఫలితం నిజమని అందరూ ఒప్పుకున్నారు' అని చెప్పడం లేదు, 'ఈ టూల్ వాడారు' అని చెబుతున్నాయి.

ఇదంతా పేపర్ ఎవరిది, ఏ రకం అన్నదే. ప్రభావం తెలియాలంటే ఆ పేపర్‌ను సైట్ చేసినవాళ్లు ఏమన్నారో చూడాలి. ఇద్దరికీ బాగా పేరు తెచ్చిన పేపర్ ఒక్కొక్కటి తీసుకుని, స్కాలర్‌లో సైటేషన్ల సంఖ్య మీద నొక్కి, వేరే ల్యాబ్‌లవి ఓ పది తెరవండి. ఆ రిఫరెన్స్ నంబరు ఎక్కడ వచ్చిందో వెతకండి. 'జ్ఞాపకశక్తిలో హిప్పోక్యాంపస్ పాత్రపై అనేక అధ్యయనాలున్నాయి' అని మొదటి పేరాలో పన్నెండు రిఫరెన్సుల మధ్య అది ఇరుక్కుని ఉంటే, దాని స్థానంలో ఇంకోటి పెట్టినా తేడా ఉండదు. మెథడ్స్‌లో 'ఫలానావారి పద్ధతిలోనే చేశాం' అనో, రిజల్ట్స్‌లో 'వారు చెప్పిన ప్రకారం ఇలా రావాలి, వచ్చింది' అనో ఉంటే అది వేరే సంగతి. 'వారి ఫలితం మాకు రాలేదు' అన్నా సైటేషన్ లెక్కలో ఒకటే. పది తెరిచి చూస్తే ఒక మధ్యాహ్నం పోతుంది, అయిదేళ్ల నిర్ణయానికి ఆ మాత్రం పెట్టొచ్చు.

సైటేషన్లు ఎక్కువున్నంత మాత్రాన నిజమైపోదని మన రంగం గట్టిగానే నేర్చుకుంది. అల్జీమర్స్‌లో అమిలాయిడ్ బీటా ప్రొటీన్ తాలూకు ఒక ప్రత్యేక రూపం ఎలుకల్లో మతిమరుపు తెస్తుందని 2006లో నేచర్‌లో ఒక పేపర్ వచ్చింది. రెండు వేలకు పైగా సైటేషన్లు మూటగట్టుకుంది. 2022లో సైన్స్ పత్రిక అందులోని చిత్రాలపై వచ్చిన అనుమానాలను ప్రచురించింది, 2024 జూన్‌లో పేపర్‌ను ఉపసంహరించారు. కానీ వచ్చిన సైటేషన్లు ఎక్కడికీ పోవు. అందుకే ఎవరి పేరైనా ఉపసంహరించిన పేపర్లను నమోదు చేసే రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌లో, పేపర్లపై పాఠకులు వ్యాఖ్యలు రాసే పబ్‌పీర్ సైట్‌లో ఒకసారి వెతకడం మంచిది. పబ్‌పీర్‌లో వ్యాఖ్య ఉన్నంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదు. దానికి వాళ్లు ఎలా స్పందించారో చూడండి. అసలు డేటా తెచ్చి పెట్టి, పొరపాటుంటే సవరణ వేసినవారి మీద నాకు గౌరవం పెరుగుతుంది.

మోసం మాట అటుంచితే, చిన్న శాంపిళ్ల గొడవ ఇంకా విస్తృతమైనది. న్యూరోసైన్స్ అధ్యయనాల స్టాటిస్టికల్ పవర్ సగటున 20 శాతం దగ్గరే తచ్చాడుతోందని 2013లో క్యాథరిన్ బటన్ బృందం లెక్కగట్టింది. అంటే నిజంగా ఉన్న ప్రభావాన్ని కూడా ఐదింట నాలుగుసార్లు పట్టుకోలేని డిజైన్లన్నమాట. మెదడు పనిచేస్తున్న తీరును చూపే స్కాన్ ఎఫ్‌ఎంఆర్‌ఐలో విరివిగా వాడే సాఫ్ట్‌వేర్లతో క్లస్టర్ లెక్కలు వేస్తే, కొన్ని సెట్టింగుల్లో తప్పుడు పాజిటివ్‌లు 70 శాతం దాకా వస్తున్నాయని 2016లో ఎక్లండ్, నికల్స్, క్నట్‌సన్ చూపించారు. '40,000 అధ్యయనాలు సందేహంలో' అన్న వార్త మీరు వినే ఉంటారు. ఆ అంకె అతిగా ఉందని రచయితలే తర్వాత ఆ వాక్యాన్ని సరిదిద్దారు. ఆ సవరణను మాత్రం ఎవరూ హెడ్‌లైన్ చేయలేదు. మీ మొదటి ల్యాబ్ విషయంలో ఇది పనికొస్తుంది. 2016 తర్వాత వాళ్ల మెథడ్స్ సెక్షన్ మారిందా? శాంపిల్ పెరిగిందా? ముందుగా విశ్లేషణ ప్రణాళికను నమోదు చేస్తున్నారా, కోడ్ బయట పెడుతున్నారా?

జర్నల్ పేరు గురించి ఎక్కువ చెప్పను. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటే గత రెండేళ్లలో ఆ జర్నల్ వేసిన పేపర్లకు ఈ ఏడాది వచ్చిన సగటు సైటేషన్లు. సగటును పైకి లాగేవి కొన్నే, మిగతావి కిందే ఉంటాయి, కాబట్టి అది ఒక్కో పేపర్ గురించి చెప్పేది తక్కువ. వ్యక్తులను దీంతో కొలవొద్దని, పరిశోధన మూల్యాంకనంపై వచ్చిన డోరా ప్రకటన 2013 నుంచి చెబుతూనే ఉంది. జాన్ ఒకీఫ్, జొనాథన్ దోస్త్రోవ్‌స్కీ ప్లేస్ సెల్స్ (జంతువు ఉన్న చోటును బట్టి స్పందించే మెదడు కణాలు) గురించి 1971లో బ్రెయిన్ రీసెర్చ్‌లో రాసింది ఐదు పేజీలే. రికార్డు చేసిన 76 కణాల్లో ఎలుక ఉన్న చోటును బట్టి స్పందించినవి 8. ఒకీఫ్‌కు నోబెల్ వచ్చింది 2014లో. ఇంకా వెనక్కి వెళ్తే, మెదడు కణాల నిర్మాణాన్ని చూపిన స్పెయిన్ శాస్త్రవేత్త రామోన్ ఇ కహాల్ 1888లో తన జేబు డబ్బుతో సొంత పత్రికే పెట్టుకున్నాడు. మొదటి సంచిక వేసింది 60 కాపీలు, అదీ స్పానిష్‌లో. పెద్దగా ఎవరూ పట్టించుకోకపోతే మరుసటి ఏడాది స్లైడ్లు పట్టుకుని బెర్లిన్‌లో శరీర నిర్మాణ శాస్త్రవేత్తల సమావేశానికి వెళ్లి, కోలికర్ లాంటి పెద్దలకు మైక్రోస్కోపులో నేరుగా చూపించాడు. 1906లో నోబెల్. ఈ రోజుల్లో సొంత పత్రిక పెట్టినవారి సీవీ మొదటి వడపోతలోనే పోతుంది, అది వేరే మాట.

'ప్రపంచంలోని టాప్ 2 శాతం శాస్త్రవేత్తల్లో ఒకరు' అని ప్రొఫైల్లో రాసుకుంటే దానికి ఎంత విలువ ఇవ్వాలని కూడా అడిగారు. అది స్టాన్‌ఫర్డ్‌కు చెందిన అయొనిడిస్ బృందం స్కోపస్ డేటాతో తయారుచేసే జాబితా. హెచ్‌తో పాటు, సహరచయితలను బట్టి సర్దిన హెచ్, మొదటి, చివరి, ఒంటరి పేరుతో ఉన్న పేపర్ల సైటేషన్లు కూడా కలుపుతుంది కాబట్టి ఒట్టి హెచ్ కన్నా నయమే. మొత్తం కెరీర్‌కు ఒకటి, ఒక్క ఏడాదికి ఒకటి అని రెండు జాబితాలుంటాయి, ఏది చెబుతున్నారో చూసుకోండి. నాకు నచ్చే కొలత ఇంకోటుంది: అమెరికా జాతీయ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ వారి ఐసైట్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే రిలేటివ్ సైటేషన్ రేషియో. ఒక పేపర్‌తో కలిపి సైట్ అయ్యే ఇతర పేపర్లను బట్టి దాని రంగాన్ని గుర్తించి, ఆ రంగం వేగానికి తగ్గట్టు సర్దుతుంది. 1.0 అంటే ఎన్‌ఐహెచ్ డబ్బిచ్చిన పేపర్లలో మధ్యస్థం. మీరు చూసుకున్న ఇద్దరినీ కాస్త న్యాయంగా పోల్చాలంటే దీన్ని వాడండి. ఇది కూడా మనుషులు ఇచ్చే సైటేషన్ల మీదే ఆధారపడుతుంది. మొదటి, చివరి పేర్లు మహిళలవైన పేపర్లకు ఉండాల్సిన దానికన్నా తక్కువ సైటేషన్లు వస్తున్నాయని ఐదు ప్రధాన న్యూరోసైన్స్ జర్నళ్ల రిఫరెన్సులను పరిశీలించిన 2020 అధ్యయనం చూపించింది. అది ఏ ఫార్ములాతోనూ పోదు.

ఇక మీరు చూసుకున్న ఆ ఇద్దరి సంగతి. చివరి పేరుతో ఉన్న పేపర్లలో మొదటి పేర్లన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. వాళ్లలో పీహెచ్‌డీ విద్యార్థులెవరు, పోస్ట్‌డాక్‌లెవరు? ల్యాబ్ వెబ్‌సైట్‌లో పాత సభ్యుల పేజీ ఉంటే అక్కడి విద్యార్థుల పేర్లతో సరిపోల్చండి. మొదటి పేరుతో పేపర్ లేకుండా బయటికి వెళ్లినవాళ్లు ఎక్కువ కనిపిస్తే, హెచ్ 61 అయినా 161 అయినా అక్కడ మీకు ఒరిగేది తక్కువ. స్కాన్‌ల ల్యాబ్ విద్యార్థులను అడగాల్సింది: కన్సార్షియం పనిలో ఏడాదికి ఎంత సమయం పోతుంది, మీ సొంత ప్రశ్న ఎవరు నిర్ణయించారు? ఎలుకల ల్యాబ్ వాళ్లను అడగాల్సింది: మొదటి మంచి రికార్డింగ్ రావడానికి ఎంతకాలం పట్టింది, పాత డేటా మీద కొత్తవాళ్లు పనిచేయొచ్చా, ప్రయోగం విఫలమైతే రెండో దారి ఏమిటి? ఇప్పుడున్నవాళ్లతో పాటు, రెండేళ్ల కింద వెళ్లిపోయినవారిలో ఒకరితో కూడా మాట్లాడండి. వాళ్లు మెయిల్‌లో పొడిపొడిగా జవాబిస్తే ఫోన్‌లో మాట్లాడొచ్చా అని అడగండి, చాలామంది ఒప్పుకుంటారు.